నర్సింగ్ స్కూల్‌కి అప్లై చేసే ముందు: గడువు దాటిన ప్రీరిక్విజిట్ కోర్సులను ఏం చేయాలి

ప్రీరిక్విజిట్లంటే నర్సింగ్‌లో చేరడానికి ముందే చదివి ఉండాల్సిన కోర్సులు. వాటిలో అనాటమీ మొదటి భాగం నేను 2017 డిసెంబర్‌లో పూర్తి చేశాను, 'A' గ్రేడ్ వచ్చింది. రెండో భాగం, మైక్రోబయాలజీ 2018లో అయిపోయాయి. ఆ తర్వాత బాబు పుట్టాడు, ఊరు మారాం, చూస్తుండగానే ఏళ్లు గడిచిపోయాయి. 2023 జనవరిలో మా దగ్గరి నర్సింగ్ స్కూల్‌కి అప్లై చేద్దామని చూస్తే అక్కడ సైన్స్ కోర్సులకు ఐదేళ్ల గడువు. నాకు దాటింది ఒక్క నెల. ఫోన్ చేస్తే అడ్వైజర్ "ఒక నెలే కదా, పర్వాలేదు, అప్లై చేయండి" అన్నారు. చేశాను. రెండు నెలల తర్వాత అప్లికేషన్ అర్హత లేదని వెనక్కి వచ్చింది. ఫోన్‌లో చెప్పిన మాటకు నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ టెన్షన్‌లో ఏమీ ఆలోచించకుండా మూడు కోర్సులూ మళ్లీ చదివాను, దాదాపు ఏడాది పట్టింది. అంతా అయిపోయాక తెలిసింది, నలభై నిమిషాల దూరంలో ఉన్న ఇంకో కాలేజీలో సైన్స్ కోర్సులకు అసలు గడువే లేదని.

అమెరికాలో నర్సింగ్ చదవాలనుకుంటూ పాత కోర్సుల దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం, ముఖ్యంగా హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద వచ్చి, పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్లీ చదువు మొదలుపెడుతున్న మన ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇండియాలో ఇప్పటికే బీఎస్సీ నర్సింగో జీఎన్ఎమ్మో చేసినవాళ్ల దారి వేరు. వాళ్లు సీజీఎఫ్‌ఎన్‌ఎస్ లాంటి సంస్థతో (ఇప్పుడు దాని పేరు ట్రూమెరిట్) తమ చదువును పరిశీలింపజేసుకుని నర్సు లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ రాయాలి, ఈ ప్రీరిక్విజిట్ల గొడవ సాధారణంగా వాళ్లకు ఉండదు.

ముందుగా ఒక విషయం బాగా అర్థం చేసుకోండి. మీ కోర్సుకు దానంతట అది గడువు తీరదు. ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఆ క్రెడిట్ ఎప్పటికీ ఉంటుంది. "మా దగ్గర చేరాలంటే సైన్స్ ఇన్నేళ్ల లోపు చదివి ఉండాలి" అనేది ఆయా నర్సింగ్ ప్రోగ్రామ్ పెట్టుకున్న నియమం. ఒకరు 5 ఏళ్లంటారు, ఒకరు 7, ఒకరు 10, కొందరు ఏమీ అడగరు. అదే కోర్సు ఒకచోట పనికిరాదు, పక్క ఊళ్లో పనికొస్తుంది. అందుకే ఏ కోర్సుకీ రిజిస్టర్ చేయకముందే ఏయే స్కూళ్లకు అప్లై చేస్తారో తేల్చుకోవాలి. నేను దీన్ని తలకిందులుగా చేశాను.

మొదట ఒక పట్టిక రాసుకోండి

మీరు చదివిన ప్రతి కాలేజీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించుకోండి, అనధికారికమైనదైనా ఇప్పటికి చాలు. ఒక్కో కోర్సుకు ఐదు వివరాలు రాయండి: కోర్సు నంబర్, ఎన్ని క్రెడిట్లు, ల్యాబ్ ఉందా, గ్రేడ్ ఎంత, ఏ నెలలో పూర్తయింది. మొదలుపెట్టిన నెల కాదు, పూర్తయిన నెల. లెక్క దాదాపు ఎప్పుడూ దాని మీదే ఉంటుంది.

వాషింగ్టన్ రాష్ట్రంలోలాగా క్వార్టర్ పద్ధతి ఉన్న కాలేజీలో చదివి ఉంటే క్రెడిట్లను మార్చి రాసుకోండి. ఒక క్వార్టర్ క్రెడిట్ అంటే సెమిస్టర్ క్రెడిట్‌లో మూడింట రెండు వంతులు. అంటే 5 క్వార్టర్ క్రెడిట్ల మైక్రోబయాలజీ 3.33 సెమిస్టర్ క్రెడిట్లే అవుతుంది. 4 క్రెడిట్లు కావాలనే స్కూల్‌లో అది చాలకపోవచ్చు. గడువు గురించి కంగారుపడుతూ ఈ చిన్న తేడాను గమనించనివాళ్లు చాలామంది ఉంటారు.

ఆ పట్టికలో సైన్స్ వేరు, మిగతావి వేరు చేయండి. అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, వీటికే గడువు ఎక్కువగా పెడతారు. న్యూట్రిషన్‌కీ స్టాటిస్టిక్స్‌కీ కొన్నిచోట్ల ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. ఇంగ్లిష్ కంపోజిషన్, సైకాలజీ, సోషియాలజీ లాంటివాటికి చాలాచోట్ల గడువు అడగరు.

స్కూల్‌ని ఏం అడగాలి, ఎలా అడగాలి

మీరు ఉన్నచోట నుంచి వెళ్లిరాగలిగిన దూరంలో కనీసం ఐదారు ప్రోగ్రామ్‌లు చూడండి. కమ్యూనిటీ కాలేజీల్లో రెండేళ్ల ఏడీఎన్ (నర్సింగ్ అసోసియేట్ డిగ్రీ), యూనివర్సిటీల్లో నాలుగేళ్ల బీఎస్ఎన్ (నర్సింగ్ బ్యాచిలర్స్), ఇప్పటికే ఏదో ఒక డిగ్రీ ఉన్నవాళ్లకు ఏడాది నుంచి ఏడాదిన్నరలో పూర్తయ్యే యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్, అన్నీ పట్టికలోకి రావాలి. ప్రోగ్రామ్‌కు రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఆమోదం, ఏసీఈఎన్ లేదా సీసీఎన్ఈ గుర్తింపు ఉన్నాయో లేదో చూడటం మరిచిపోకండి. గడువు లేదు కదా అని గుర్తింపు లేని చోట చేరితే తర్వాత పై చదువులకూ కొన్ని ఉద్యోగాలకూ ఇబ్బంది అవుతుంది.

వెబ్‌సైట్‌లో "సైన్స్ కోర్సులు 7 ఏళ్ల లోపు" అని ఉంటే అక్కడితో ఆగకండి. ఏ తేదీ నుంచి వెనక్కి 7 ఏళ్లు? ఇదే అసలు ప్రశ్న. ఉదాహరణకు మీ అనాటమీ 2019 డిసెంబర్‌లో పూర్తయింది, అప్లికేషన్ డెడ్‌లైన్ 2026 అక్టోబర్, క్లాసులు మొదలయ్యేది 2027 ఆగస్టు అనుకోండి. డెడ్‌లైన్ నుంచి లెక్కపెట్టే స్కూల్‌లో మీ కోర్సు చెల్లుతుంది. క్లాసులు మొదలయ్యే తేదీ నుంచి లెక్కపెట్టే స్కూల్‌లో చెల్లదు. రెండుచోట్లా రాసి ఉన్న నియమం మాత్రం "7 ఏళ్లు" అనే. కొన్ని కమ్యూనిటీ కాలేజీల్లో లాటరీ లేదా వెయిటింగ్ లిస్ట్ ఉంటుంది, అక్కడ ఇంకో ప్రశ్న కూడా అడగాలి: లిస్టులో ఎదురుచూస్తున్నప్పుడు నా కోర్సుకు గడువు దాటితే నా స్థానం పోతుందా?

ఫోన్‌లో మాట్లాడినా సరే, ఆ తర్వాత ఈమెయిల్ రాసి జవాబు రాతలో తెచ్చుకోండి. ఈమెయిల్ చిన్నదిగా ఉంటే జవాబు త్వరగా వస్తుంది. మీ కోర్సులు, పూర్తయిన నెలలు ఒక వరుసలో పెట్టండి. కింద ఈ నాలుగే అడగండి: గడువును ఏ తేదీ నుంచి లెక్కిస్తారు, గడువు దాటిన కోర్సుకు మినహాయింపు కోరే పద్ధతి ఉందా (ఉంటే ఫారం ఎక్కడుంది), మళ్లీ చదివితే ఆన్‌లైన్ ల్యాబ్ ఒప్పుకుంటారా, రెండు గ్రేడ్లు ఉంటే ఏది లెక్కలోకి తీసుకుంటారు. వచ్చిన జవాబును పీడీఎఫ్‌గా దాచుకోండి. అడ్వైజర్లు మారిపోతుంటారు, నియమాలు కూడా క్యాటలాగ్ మారినప్పుడల్లా మారతాయి. మీరు చేరబోయే సంవత్సరపు క్యాటలాగ్ పేజీని కూడా అదే రోజు సేవ్ చేసి పెట్టుకోండి.

మళ్లీ చదవకుండా గట్టెక్కే దారులు

జవాబులు వచ్చాక మీ పట్టికలో కొన్ని స్కూళ్లు పచ్చగా, కొన్ని ఎర్రగా తేలతాయి. ఎర్రవాటిని వెంటనే కొట్టేయకండి.

కొన్ని ప్రోగ్రామ్‌లు మినహాయింపు ఇస్తాయి. మీరు ఈమధ్య వరకు ఎల్‌వీఎన్‌గానో (ఆర్‌ఎన్ కంటే కింది స్థాయి లైసెన్స్ ఉన్న నర్సు), అంబులెన్స్‌లో ఈఎంటీగానో, ల్యాబ్‌లోనో పనిచేస్తూ ఉంటే, ఆ సబ్జెక్టుతో మీ సంబంధం తెగలేదని చూపిస్తూ ఒక పేజీ ఉత్తరం, పని చేసిన చోటు నుంచి లేఖ జతచేసి పిటిషన్ పెట్టండి. "నాకు పిల్లలున్నారు, టైమ్ లేదు" అనే కారణం నిజమే అయినా కమిటీ ముందు అది నిలవదు. వాళ్లకు కావాల్సింది మీకు ఆ సబ్జెక్టు ఇప్పటికీ గుర్తుందనే ఆధారం. రాసేటప్పుడు ఆ ఒక్క విషయం మీదే ఉండండి.

ఇంకో దారి, అదే సబ్జెక్టులో పై కోర్సు ఒకటి కొత్తగా చదవడం. అనాటమీ పాతదైనా ఈమధ్య పాథోఫిజియాలజీ మంచి గ్రేడ్‌తో చేసి ఉంటే ఒప్పుకునే స్కూళ్లు ఉన్నాయి. కొన్నిచోట్ల అనాటమీ రెండో భాగం మాత్రం మళ్లీ చేస్తే మొదటి భాగాన్ని కూడా కొత్తదిగా తీసుకుంటారు. అడగనిదే ఎవరూ చెప్పరు, అడిగితే ఒక సెమిస్టర్ మిగలొచ్చు.

పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. కాలేజ్ బోర్డ్ నిర్వహించే క్లెప్ పరీక్షల్లో బయాలజీ, కెమిస్ట్రీ, సైకాలజీ, హ్యూమన్ గ్రోత్ అండ్ డెవలప్‌మెంట్, కాలేజ్ కంపోజిషన్ ఉన్నాయి. అనాటమీ లేదు, మైక్రోబయాలజీ లేదు. కాబట్టి అసలు ఇబ్బంది ఉన్న కోర్సులకు క్లెప్ పనికిరాదు, మిగిలినవాటికి స్కూల్ ఒప్పుకుంటే డబ్బూ సమయమూ మిగులుతాయి.

ఇండియా డిగ్రీ ఉన్నవాళ్లు

ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా పొరబడే విషయం ఒకటుంది. విదేశీ డిగ్రీలను అమెరికా లెక్కలోకి మార్చి చూపే డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థ దగ్గర ఎవాల్యుయేషన్ చేయించుకుంటే పాత కోర్సు కొత్తది అవుతుందనుకుంటారు. కాదు. రిపోర్టు మీద తేదీ 2026 అయినా, మీరు ఆ సబ్జెక్టు 2011లో చదివి ఉంటే గడువు లెక్క 2011 నుంచే.

అయినా ఎవాల్యుయేషన్ కావాల్సిందే. యాక్సిలరేటెడ్ ప్రోగ్రామ్‌కు డిగ్రీ ఉందని చూపించాలి, గడువు లేని సబ్జెక్టులకు క్రెడిట్ దొరకవచ్చు. కోర్సు వారీగా క్రెడిట్లు, గ్రేడ్లు చూపించే రిపోర్టే తీసుకోండి, డిగ్రీ సమానమని మాత్రమే చెప్పే చౌక రిపోర్టు నర్సింగ్‌కు సరిపోదు. ఏ సంస్థల రిపోర్టు ఒప్పుకుంటారో కూడా స్కూల్‌నే అడగండి, చాలాచోట్ల నేసెస్ (ఇలాంటి ఎవాల్యుయేషన్ సంస్థల సంఘం) సభ్య సంస్థ అయితే చాలంటారు. మూడేళ్ల బీఎస్సీ అన్నిసార్లూ అమెరికా బ్యాచిలర్స్‌కు సమానమని రాదు, అది తేలేవరకు యాక్సిలరేటెడ్ ప్రోగ్రామ్ మీదే ఆశ పెట్టుకోకండి.

బీ ఫార్మసీ చదివినవాళ్లకు హ్యూమన్ అనాటమీ అండ్ ఫిజియాలజీ ఉంటుంది, ల్యాబ్‌తో సహా. కానీ మన ఫార్మస్యూటికల్ మైక్రోబయాలజీని మామూలు మైక్రోబయాలజీగా ఒప్పుకుంటారో లేదో స్కూల్‌ని బట్టి ఉంటుంది. సిలబస్ కాపీ పంపిస్తే పరిశీలన తేలికవుతుంది, అందుకే మీరు చదివిన సంవత్సరపు సిలబస్ పుస్తకం ఇంట్లో ఉంటే ఫొటోలు తీయించి పెట్టుకోండి. ఇంటర్‌లో చదివిన బైపీసీ మాత్రం ఎక్కడా కాలేజీ క్రెడిట్‌గా రాదు. విదేశంలో చదివిన సైన్స్ ఎంత కొత్తదైనా తీసుకోం అనే ప్రోగ్రామ్‌లు కూడా ఉన్నాయి, ఈ ప్రశ్న మీ ఈమెయిల్‌లో ఐదోదిగా చేర్చండి.

యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ రావడానికి వారాలు పట్టొచ్చు. మన కాలేజీలు చాలావరకు ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ, జేఎన్టీయూ లాంటివాటికి అనుబంధం కాబట్టి కాలేజీ ఇచ్చిన కాగితం చాలదు, యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచే రావాలి. అక్కడ మీ తరఫున తిరగడానికి తమ్ముడో నాన్నో ఉంటే, వాళ్ల పేరు మీద అనుమతి ఉత్తరం, మార్కుల మెమోల కాపీలు ముందే పంపించండి. ఈ పని మిగతావాటికంటే ముందు మొదలుపెట్టండి, ఆలస్యం మీ చేతిలో ఉండదు.

మళ్లీ చదవక తప్పకపోతే, ఎక్కడ?

నా సలహా కమ్యూనిటీ కాలేజీ. కాలిఫోర్నియాలో రాష్ట్ర నివాసిగా లెక్కలోకి వస్తే యూనిట్‌కు 46 డాలర్లు, అంటే 4 యూనిట్ల అనాటమీకి ట్యూషన్ 184 డాలర్లే. వేరే రాష్ట్రాల్లో ఫీజులు వేరు, కానీ యూనివర్సిటీ కంటే తక్కువే. హెచ్4 మీద ఉన్నవాళ్లు వీసా మార్చుకోకుండానే చదువుకోవచ్చు, చాలా రాష్ట్రాల్లో నివాసి ఫీజు కూడా దొరుకుతుంది. ఫెడరల్ ఎయిడ్ మాత్రం రాదు, అందుకే ప్రతి రీటేక్ మన జేబులోంచే. ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు ఇంకో కాలేజీలో కోర్సు తీసుకునే ముందు తమ డీఎస్‌ఓను (కాలేజీలో విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని) తప్పకుండా అడగాలి, ఫుల్ టైమ్ లెక్కలోకి సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ కోర్సే వస్తుంది.

ఒకసారి పాసైన కోర్సుకు అదే కాలేజీలో మళ్లీ రిజిస్టర్ అవ్వబోతే కంప్యూటర్ ఆపేస్తుంది. చాలామంది ఇక్కడే నిరాశపడి వెనక్కి వచ్చేస్తారు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో సీ గ్రేడ్‌తో పాసైన కోర్సును మామూలుగా రిపీట్ చేయనివ్వరు, కానీ "సిగ్నిఫికెంట్ ల్యాప్స్ ఆఫ్ టైమ్" అనే నియమం ఉంది. చదివి 36 నెలలు దాటి, కొత్తగా చదివి ఉండాలనే షరతు ఉంటే పిటిషన్ పెట్టి మళ్లీ చేయవచ్చు. కౌన్సెలర్ దగ్గర సరిగ్గా ఆ పేరుతోనే అడగండి, నర్సింగ్ ప్రోగ్రామ్ గడువు నియమం ఉన్న పేజీ ప్రింట్ తీసుకెళ్లండి. టెక్సస్‌లో ప్రభుత్వ కాలేజీలు అదే కోర్సును మూడోసారి తీసుకుంటే ఎక్కువ ట్యూషన్ వేయొచ్చు, కాబట్టి ఇంతకుముందు ఒకసారి డ్రాప్ అయిన చరిత్ర ఉంటే అడిగి మొదలుపెట్టండి. అదే టెక్సస్‌లో కమ్యూనిటీ కాలేజీల కోర్సు నంబర్లు రాష్ట్రమంతా ఒకటే, బయాలజీ 2401, 2402 అంటే అనాటమీ, 2420 అంటే సైన్స్ మేజర్లు కానివాళ్ల మైక్రోబయాలజీ. ఊరు మారినా ఆ నంబర్లతోనే వెతుక్కోవచ్చు.

ఇంకో చిక్కు, ప్రీరిక్విజిట్‌కు ప్రీరిక్విజిట్. అనాటమీకి ముందు జనరల్ బయాలజీనో కెమిస్ట్రీనో అడిగే కాలేజీలు ఉన్నాయి, ఆ పాత బయాలజీ కూడా గడువు దాటిందంటే రిజిస్ట్రేషన్ రోజు హోల్డ్ కనిపిస్తుంది. అనాటమీ సీట్లు గంటల్లో నిండిపోయేచోట ఆ హోల్డ్ తీయించుకునే లోపు సెమిస్టర్ చేజారిపోతుంది. నెల ముందే పాత ట్రాన్‌స్క్రిప్ట్ ఇచ్చి క్లియరెన్స్ తీసుకోండి.

చిన్నపిల్లలున్నవాళ్లకు ఆన్‌లైన్ అవసరం అవుతుంది, అర్థం చేసుకోగలను. యూనివర్సిటీ ఆఫ్ న్యూ ఇంగ్లండ్, పోర్టేజ్ లెర్నింగ్ లాంటివి మన వేగంతో చదువుకునే సైన్స్ కోర్సులు ఇస్తాయి, ల్యాబ్‌తో సహా. దాదాపు ఎప్పుడైనా మొదలుపెట్టగలగడం, డెడ్‌లైన్‌కు ముందు ఇరుక్కున్నవాళ్లకు పెద్ద సాయం. ఖర్చు ఎక్కువ. మీ స్కూల్ ఆన్‌లైన్ ల్యాబ్ ఒప్పుకుంటామని రాతలో చెప్పేవరకు డబ్బు కట్టకండి.

ఏది ముందు, ఏది తర్వాత

క్లాసులు మొదలయ్యే తేదీ నుంచి వెనక్కి లెక్క వేయండి. గడువు లేని ఇంగ్లిష్, సైకాలజీ ముందు, గడువున్న సైన్స్ చివర. ఒక్కసారికే సీటు వస్తుందన్న నమ్మకం ఎవరికీ ఉండదు, రెండోసారి అప్లై చేయాల్సి వచ్చినా కోర్సులు బతికి ఉండేలా చూసుకోవాలి. అనాటమీ రెండు భాగాలు వరుసగా రెండు సెమిస్టర్లు పడతాయి, మైక్రోబయాలజీని రెండో భాగంతో కలిపి చేయవచ్చు కానీ రెండు ల్యాబ్‌లు, ఇల్లు, పిల్లలు కలిస్తే చాలా కష్టం. సమ్మర్‌లో పదహారు వారాల అనాటమీని ఎనిమిది వారాల్లో చెప్తారు, ఆ రెండు నెలలు ఇంట్లో ఇంకొకరి సాయం ఖాయంగా ఉంటేనే తీసుకోండి. అమ్మానాన్నలు వచ్చి ఉండే నెలలు చూసుకుని నేను సమ్మర్ కోర్సు పెట్టుకున్నాను, అది ఒక్కటే నేను సరిగ్గా వేసిన ప్లాన్.

నర్సింగ్ ప్రవేశ పరీక్షలైన టీస్, హెసీ స్కోర్లకూ గడువు ఉంటుంది, చాలా స్కూళ్లు రెండేళ్ల లోపు స్కోరే అడుగుతాయి. టీస్ సైన్స్ విభాగంలో అన్నిటికంటే ఎక్కువ ప్రశ్నలు అనాటమీ, ఫిజియాలజీ నుంచి వస్తాయి కాబట్టి రీటేక్ పూర్తయిన నెలా రెండు నెలల్లో రాసేయండి.

గ్రేడ్ సంగతి

మళ్లీ చదివితే పాత 'A' గ్రేడ్ పోయి కొత్త 'B' మిగిలే ప్రమాదం ఉంది. ఎక్కువ గ్రేడ్ తీసుకునే స్కూళ్లున్నాయి, తాజా గ్రేడ్ తీసుకునేవీ ఉన్నాయి, రెండూ సగటు చేసేవీ ఉన్నాయి. నర్సింగ్‌క్యాస్ (చాలా స్కూళ్లకు ఒకేచోట నుంచి అప్లై చేసే వెబ్‌సైట్) ద్వారా అప్లై చేస్తే రిపీట్ చేసిన కోర్సుల అన్ని గ్రేడ్లూ వాళ్ల జీపీఏ లెక్కలోకి వస్తాయి, మీ కాలేజీ పాతదాన్ని తీసేసినా సరే. అందుకే "ఒకసారి చదివిందే కదా" అని తేలికగా తీసుకోకండి. క్లాసు మొదలయ్యే నెల ముందు నుంచే ఎముకలు, కండరాలు, నాడీ వ్యవస్థ తిరగేయండి, రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్‌లో అనాటమీ పాఠ్యపుస్తకం ఉచితంగా దొరుకుతుంది. మొదటి పరీక్షలో మార్కులు బాగా తగ్గితే, డ్రాప్ డెడ్‌లైన్ ఏ రోజో చూసుకుని ట్యూటరింగ్ సెంటర్‌కు వెళ్లండి, ఆ తేదీ దాటాక మీకు దారులు ఉండవు.

అప్లికేషన్ నింపేటప్పుడు

చదివిన ప్రతి కాలేజీ, ప్రతి ప్రయత్నం రాయాలి. గడువు దాటింది కదా అని పాత కోర్సును దాచేస్తే అది తప్పు సమాచారం కిందికి వస్తుంది, అప్లికేషన్ మొత్తం పోవచ్చు. పాతదీ కొత్తదీ రెండూ రాసి, ప్రీరిక్విజిట్ కింద కొత్తదాన్ని చూపించండి. మినహాయింపు వచ్చి ఉంటే ఆ ఈమెయిల్ జతచేయండి. ఇంకా చదువుతున్న కోర్సు ఉంటే "ఇన్ ప్రోగ్రెస్" అని పెట్టి, గ్రేడ్ రాగానే ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్ పంపించండి, గ్రేడ్ పడకముందే ఆర్డర్ పెడితే ఖాళీ గడితో వెళ్లిపోతుంది, ఆర్డర్ చేసేటప్పుడు గ్రేడ్ వచ్చేవరకు ఆపి పంపమనే ఆప్షన్ ఉంటుంది చూడండి. లైసెన్స్ దశలో కొన్ని రాష్ట్రాల బోర్డులు సోషల్ సెక్యూరిటీ నంబర్ అడుగుతాయి, హెచ్4 ఈఏడీ (పని అనుమతి) లేనివాళ్లు మీ రాష్ట్ర బోర్డును ఈ సంగతి ఇప్పుడే అడిగి తెలుసుకోండి.

పంపించిన పది రోజులకు స్కూల్‌కు ఇంకో ఈమెయిల్ రాయండి: నా ట్రాన్‌స్క్రిప్ట్‌లన్నీ అందాయా, నా ప్రీరిక్విజిట్లన్నీ గడువు లోపే ఉన్నట్టు మీ దగ్గర నమోదైందా? ఏదైనా తేడా ఉంటే డెడ్‌లైన్‌కు ముందే దొరకాలి, అందుకని చివరి వారం వరకు ఆగకుండా కనీసం నెల ముందే అప్లికేషన్ పంపించండి.